గోధుమలు కట్టించిన గ్రంథాలయము



2025వ సంవత్సరము ఆగస్టు నెల చివర నేను కైకలూరునుండి కలిదిండి పోవు దారిలో నొక రొయ్యల చెఱువు గట్టుమీద నొక పెద్దమనుష్యునితో మాటలాడుచుంటిని. వారు వయసున నాకంటె పెద్దవారు. తొలుత వరి పండించి, పిమ్మట చేపల చెఱువులు త్రవ్వించి, కడపట వెనామీ రొయ్యకు దిగినవారు. ఆ నెల 7వ తేదీనుండి అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వము మన దేశపు సరకులపై నూటికి 25 వంతున సుంకము వేసెను. 27వ తేదీనుండి మఱియొక 25 చేర్చెను. మనము రష్యా దేశమునుండి చమురు కొనుచుంటిమని ఈ రెండవదానికి వారు చెప్పిన కారణము. మన రొయ్యల ఎగుమతికి అన్నిటికంటె పెద్ద అంగడి ఆ దేశమే. కావున వార్త వెలువడినంతనే కొనువారు కౌంటు ధరలు తగ్గించిరి. చెఱువులో రొయ్య పెరుగుచునే యున్నది, మేత బస్తాలు ఖాళీ యగుచునే యున్నవి, ఏరేటర్లు తిరుగుచునే యున్నవి. ధర మాత్రము దిగినది.

వారు నన్నడిగిన ప్రశ్న యిది. “మాస్టరుగారూ, చమురు కొన్నవారెవరో, రొయ్య పెంచినవాడను నేను. అది యటుండనిండు. ఆ దేశమున ఒక్క మనుష్యుడు సంతకము చేసినంతమాత్రమున సుంకము పడిపోవునా? వారికి శాసనసభ లేదా? అది యొప్పుకొనవలదా?”

వారి మనుమడు డల్లాసు పట్టణమున ఉద్యోగము చేయుచున్నాడు. ఈ ప్రశ్ననే అతనిని టెలిఫోనులో నడిగిరట. “తాతయ్యా, నాకా సంగతులు తెలియవు, నా పని కంప్యూటరుతో” అని అతడు చెప్పెనట. అందుచేత ప్రశ్న నాయొద్దకు వచ్చినది.

నాకు తెలిసినంత చెప్పితిని. అమెరికా రాజ్యాంగము 1787లో వ్రాయబడినది. దాని మొదటి యధికరణము ఎనిమిదవ ఖండము ప్రకారము పన్నులను సుంకములను వేయు నధికారము కాంగ్రెసు అను వారి శాసనసభది, అధ్యక్షునిది కాదు. 1930లో ఆ సభ తానే పూనుకొని వేలకొలది సరకులపై సుంకములు పెంచి, ఇతర దేశములును అట్లే చేయగా, చేతులు కాల్చుకొనెను. 1934లో, రూజ్వెల్టు అధ్యక్షుడుగా నున్నప్పుడు, పరదేశములతో నొప్పందములు చేసికొని సుంకములను మార్చుటకు అధ్యక్షునికి కొంత యధికారమును ఒక చట్టము ద్వారా అప్పగించెను. అప్పగించిన యధికారము మఱల పుట్టింటికి వచ్చుట యరుదు. 1977లో మఱియొక చట్టము వచ్చెను. అత్యవసర పరిస్థితులయందు పరదేశములతోడి ఆర్థిక వ్యవహారములను అధ్యక్షుడు కట్టుబాటు చేయవచ్చునని దాని తాత్పర్యము. అందు సుంకమను మాటయే లేదు. 2025లో అధ్యక్షుడు ట్రంపు ఆ చట్టమునే ఆధారముగా గైకొనెను. అది చెల్లునా చెల్లదా యను వివాదము ఆ యేడే వారి న్యాయస్థానముల మెట్లెక్కెను.

ఇందు 1977 చట్టపు సంగతి పత్రికలలో చదివి యెఱిగినది. దానికి పూర్వపు కథ యంతయు 1978 వేసవిలో హైదరాబాదునందొక భవనమున గూర్చుండి నేర్చుకొన్నది. ఆ భవనము కథయే నేటి నా ప్రసంగవిషయము. ఒక పరదేశముయొక్క రాజకీయములను, విదేశాంగనీతిని మన గడ్డమీద మనవారే కూర్చుండి చదువుటకు ఏర్పడిన యొక పరిశోధనాలయమది. అది యెట్లు పుట్టినదో, ఎవరి సొమ్ముతో పుట్టినదో, ఏమైనదో మన జిల్లా పెద్దలకు తెలిసియుండుట మంచిదని నా తలంపు.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమున 1964లో ‘అమెరికన్ స్టడీస్ రిసెర్చి సెంటర్’ అను సంస్థ వెలసెను. అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రమని తెలుగున జెప్పవచ్చును. అప్పుడు ఉస్మానియాకు ఉపాధ్యక్షులు, అనగా వైస్ ఛాన్సలరు, డి. ఎస్. రెడ్డిగారు. తరువాత రెండేండ్లకు ప్రభుత్వము తమ్ము తొలగింపబూనగా సుప్రీంకోర్టువఱకు పోయి గెలిచి తమ స్థానమున నిలిచిన ధీరులు వీరే. అమెరికా రాయబారిగా ఢిల్లీలో నుండినవాడు చెస్టర్ బౌల్సు. అతడు రాయబారిగా వచ్చుట అది రెండవ పర్యాయము. కేంద్రపు తొలినాళ్లలో దానిని నడపినవారిలో నొకడు విలియం మల్డరు అను ఆచార్యుడు. యూటా విశ్వవిద్యాలయమునుండి వచ్చినవాడు. ఐజక్ సెక్వేరాగారి వంటి ఉస్మానియా ఆచార్యులు తరువాతి కాలమున దానికి పెద్దదిక్కైరి. అమెరికా సాహిత్యము, చరిత్రము, రాజ్యతంత్రము, విదేశాంగనీతి అనునవి అచటి చదువు. ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ అమెరికన్ స్టడీస్’ అను పత్రికయు అచ్చటనుండి వెలువడుచుండెను. గ్రంథములు క్రమముగా లక్షకు మించినవి. అమెరికాను గురించి ఆసియా ఖండమున అంతటి గ్రంథసంచయము మఱియొకచోట నుండుట యరుదు.

ఇంత గ్రంథాలయమునకు సొమ్మెక్కడిది? ఇది వినదగిన కథ.

1954 జూలైలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్హోవరు ఒక చట్టముపై సంతకము చేసెను. దాని సంఖ్య 480. ‘పీ. ఎల్. 480’ అను మాటను మనలో వృద్ధులు వినియేయుందురు. అమెరికాలో రైతులు పండించిన గోధుమలు గాదెలు పట్టక మిగిలిపోవుచుండెను. మన దేశమునకు తిండిగింజలు చాలకుండెను, కొనుటకు డాలర్లును లేవు. కావున గోధుమలను అమ్మి, వెలను డాలర్లకు బదులు కొన్న దేశపు నాణెములోనే పుచ్చుకొనుటకు ఆ చట్టము వీలు కల్పించెను. 1956 ఆగస్టులో మన ప్రభుత్వము అట్టి మొదటి యొప్పందము చేసికొనెను.

పెద్దలు దీనిని ప్రోనోటు వ్యవహారముగా నూహింపుడు. పొరుగూరి షావుకారు మన యూరికి ధాన్యము పంపెను. మనము వెల చెల్లించితిమి, కాని మన యూరిలో దప్ప మఱెక్కడను చెల్లని చీట్లతో చెల్లించితిమి. ఆ చీట్లను షావుకారు తన యూరికి గొనిపోయి లాభములేదు. అవి మన యూరిలోనే పెట్టెలో నుండవలెను, మన యూరిలోనే వ్యయము కావలెను. అందు కొంత మనకే అప్పుగా నిచ్చెను. కొంత తన గుమాస్తాల జీతములకు వాడుకొనెను. అయినను పెట్టె నిండుచునే యుండెను. సంవత్సరము సంవత్సరము గోధుమ యోడలు వచ్చుచుండగా రూపాయల రాశి పెరిగిపోయెను. అంత సొమ్ము పరప్రభుత్వపు చేతిలో మన దేశమున నుండుట మనకును వెఱపు, దానిని ఏమి చేయవలయునో తోచక వారికిని చికాకు.

ఆ రాశిలోనుండి చదువుసంధ్యలకు తీసిన కొద్దిపాటి సొమ్ముతో హైదరాబాదు కేంద్రము నడచెను. కావున దానిని గోధుమలు కట్టించిన గ్రంథాలయమని నేననుట అతిశయోక్తి గాదు.

మనది వరినేల. 1852లో ధవళేశ్వరపు ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు ముగిసిన పిమ్మట కొల్లేటి నిరుప్రక్కల నున్న లంకలకును మెరకలకును అన్నమనగా వరియన్నమే. గోధుమలను జ్వరపడినవారికి పెట్టు రొట్టెగా నెఱుగుదుము. నా బాల్యమున బడిలో మధ్యాహ్నము పెట్టిన గోధుమరవ్వ ఉప్మాయు, పాలపొడి కలిపిన పాలును మాత్రము జ్ఞప్తియున్నవి. పాలడబ్బాపై రెండు చేతులు కలిసికొన్న బొమ్మ యుండెడిది. ఆ ఉప్మా తిన్నవాడనే తరువాత ఆ గోధుమల సొమ్ముతో గొన్న పుస్తకములు చదువుటకు బోయితిని.

1978లో నేను చిన్న కళాశాలలో చరిత్రము బోధించుచుంటిని. అచ్చట అమెరికాను గురించిన పుస్తకములు మూడు. అందొకటి చెదలు తిన్నది. మండల పట్టణములలోని అధ్యాపకులు కొన్ని వారములుండి చదువుకొనుటకు కేంద్రమువారు కొద్ది వేతనమిత్తురని విని దరఖాస్తు పెట్టితిని. మా పెద్ద యుపాధ్యాయుడొకరు నవ్వి, “కొల్లేటి చేపకు కొలరాడో నది యేల?” అనెను. మాట చమత్కారముగా నున్నది గాన నేనును నవ్వితిని. కైకలూరులో బండి యెక్కి, గుడివాడమీదుగా బెజవాడ చేరి, రాత్రిబండిలో సికింద్రాబాదునకు బోయితిని.

అచ్చట నాకు మొదట వింతయైనది పుస్తకముల సంఖ్య గాదు, వాని స్వభావము. పరప్రభుత్వపు సొమ్ముతో నడచు చోట ఆ ప్రభుత్వపు స్తోత్రపాఠములే యుండునని తలంచి పోతిని. కాని యచట బానిసల కాలపు దారుణములను గురించి వారు వ్రాసికొన్న గ్రంథములున్నవి. ఆదిమజాతులవారితో చేసికొన్న సంధులను తామెట్లు భంగపఱచితిమో వారే వ్రాసికొన్న చరిత్రములున్నవి. వియత్నాము యుద్ధముపై 1966లో ఫుల్బ్రైటు అను సెనేటరు జరిపిన విచారణల ప్రతులున్నవి. ఈతడు తన పక్షమువాడేయైన అధ్యక్షుడు జాన్సనుయొక్క మంత్రులను నిలువదీసి యడుగుచుండెను. ఈ ఫుల్బ్రైటు పేరుననే మన విద్వాంసులు పలువురు అమెరికాకు బోయి చదివిన వేతనములున్నవి. వానికై 1950 ఫిబ్రవరిలో నెహ్రూగారు ఒప్పందముపై సంతకము చేసిరి. తన రాజును తానే ప్రశ్నించు సభాసదుని మాటలను పొరుగుదేశమువాడు కూర్చుండి చదువుట, అందునను ఆ రాజు పంపిన గోధుమల సొమ్ముతో చదువుట, నాకు చిత్రముగ దోచెను. అచ్చటనే 1934 సుంకపు చట్టముపై జరిగిన చర్చలు చదివి, ఎఱ్ఱయట్ట నోటుపుస్తకమున నెక్కించుకొంటిని.

అయినను అనుమానించినవారు లేకపోలేదు. వారి యనుమానము నిష్కారణమును గాదు. 1965, 66 సంవత్సరములలో వరుసగా రెండేండ్లు వానలు లేక ఉత్తరదేశమున, ముఖ్యముగా బీహారున, కఱవు వచ్చెను. 1966లో మన దేశము దిగుమతి చేసికొన్న ధాన్యము కోటి టన్నులకు మించెను. అందు అధికభాగము అమెరికాది. ఆ సమయమున జాన్సను గోధుమ యోడలను నెలలవారీ లెక్కను వదలుచు, మన వ్యవసాయనీతి ఎట్లుండవలెనో, వియత్నామును గురించి మనమేమి పలుకవలెనో కనిపెట్టుచుండెను. ఓడ దిగిన గింజ నేరుగా నోటికి బోవు దినములవి. ఆ బాధ ననుభవించినవారికి అమెరికా రూపాయి యేదియైనను ఎరగానే కనబడుట సహజము.

ఆ 1966 మార్చిలోనే ఇందిరాగాంధిగారు వాషింగ్టను వెళ్లినప్పుడు, 30 కోట్ల డాలర్ల విలువగల రూపాయలతో భారత అమెరికా విద్యాసంస్థ నొకదానిని స్థాపింతుమని జాన్సను ప్రకటించెను. మన విద్వాంసులును, పార్లమెంటు సభ్యులును లేచి, అంత సొమ్ము గల పరదేశపు సంస్థ మన విశ్వవిద్యాలయములను తన చెప్పుచేతలలో నుంచుకొనునని వాదించిరి. ఆ సంస్థ యేర్పడనేలేదు. రెండేండ్లకు, అనగా 1968లో, ఆసియా ఫౌండేషను అనుదానిని మన దేశమునుండి పంపివేసిరి. దానికి అమెరికా గూఢచారశాఖ సొమ్ము ముట్టినట్లు బయటపడినది. ఆ గాలివానలో పెద్దచెట్టు నాటకమునుపే కూలెను. హైదరాబాదులోని చిన్నమొక్క నిలిచెను. విశ్వవిద్యాలయపు ఆవరణలో నుండుటయు, మన యాచార్యులు దానియందు భాగస్వాములగుటయు దానికి రక్షయైనవని నా యభిప్రాయము. ఉప్పు తిన్నవాడు తిన్నయింటిని ప్రశ్నింపరాదను మాట యచట చెల్లలేదు. ఆ పత్రికయందు అమెరికా నీతిని మనవారు విమర్శించియే వ్రాయుచుండిరి.

1971 మఱింత కఠినపరీక్ష. ఆగస్టు 9వ తేదీన మనము సోవియటు రష్యాతో మైత్రీసంధి చేసికొంటిమి. డిసెంబరులో బంగ్లాదేశపు యుద్ధము జరుగుచుండగా ‘ఎంటర్‌ప్రైజు’ అను అమెరికా యుద్ధనౌక బంగాళాఖాతమునకు వచ్చెను. మన మచిలీపట్నపు సముద్రమే యది. అయినను కేంద్రపు తలుపులు మూయబడలేదు. శత్రుభావము చూపుచున్న దేశమునే మఱింత జాగ్రత్తగా చదువవలెనని ఆ యధ్యాపకులు ఎఱిగియుండిరి.

ఇక్కడ నొక సంగతి చెప్పక పోజాలను. రష్యావారు తమ పుస్తకములను తెలుగున అచ్చువేయించిరి. ఉప్పల లక్ష్మణరావుగారి వంటివారు మాస్కోలో కూర్చుండి భాషాంతరీకరించిరి. బెజవాడ విశాలాంధ్రవారి ద్వారా అవి మన గ్రామ గ్రంథాలయములకును చేరినవి. గట్టి యట్ట, చక్కని బొమ్మలు, స్వల్పపు వెల. మా యూరి బడిలో టాల్‌స్టాయి నెఱిగిన బాలురుండిరి. హైదరాబాదు కేంద్రమున లక్ష గ్రంథములున్నను అవి ఇంగ్లీషువి, కళాశాలల యధ్యాపకులకే యందునవి. అచ్చట నేర్చిన మేమైనను తెలుగున వ్రాసి గ్రామములకు పంపితిమా? చాలమంది పంపలేదు. నేనును పంపలేదు. నా యెఱ్ఱయట్ట పుస్తకము నలువదియేండ్లకు పైగా పెట్టెలోనే యుండెను. ఆ తప్పులో నా పాలు నేనొప్పుకొనుచున్నాను.

ఇక ఈ కథకు రెండవ మొగమున్నది. ఆ గోధుమల రూపాయలు హైదరాబాదున అమెరికా పుస్తకములను కొన్నట్లే, అమెరికాకు తెలుగు పుస్తకములనుగూడ కొన్నవి. 1958లో ఆ 480వ చట్టమునకు ఒక సవరణ చేసి, ఆయా దేశముల పుస్తకములను కొని అమెరికా గ్రంథాలయములకు పంపుటకు వీలు కల్పించిరి. 1962నుండి వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమువారు ఢిల్లీలో కార్యాలయము పెట్టి మన దేశభాషల పుస్తకములను కొనసాగిరి. బెజవాడలో, రాజమహేంద్రవరములో, మద్రాసులో అచ్చయిన నవలలు, పద్యకావ్యములు, పత్రికలు, మనము చదివి పారవేయు చిన్న చిన్న పుస్తకములుగూడ పెట్టెలలో నింపబడి షికాగో, బర్క్లీ, మాడిసను విశ్వవిద్యాలయములకు పోయినవి. ఇచ్చట దొరకని తెలుగు పుస్తకము అచ్చట దొరకుననుట తఱుచు వినుచున్నాము. అది యుత్తమాట గాదు.

ఆ మాడిసనునకు మన యేలూరునుండియే ఒకరు పోయిరి. ఏలూరు సి. ఆర్. రెడ్డి కళాశాలలో అధ్యాపకులుగా నుండిన వెల్చేరు నారాయణరావుగారు 1971లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున చేరి, దశాబ్దములపాటు తెలుగు బోధించిరి. తెలుగు కావ్యములను ఇతరులతో గలసి ఇంగ్లీషున కనువదించి, శ్రీనాథుడును, పెద్దనయు, క్షేత్రయ్యయు అచటివారికి దెలియునట్లు చేసిరి. ఎంటర్‌ప్రైజు నౌక మన సముద్రమునకు వచ్చిన యేడే ఏలూరి పండితుడొకడు వారి బడికి తెలుగు చెప్పబోయెను. దేశముల స్నేహవైరములను ఒక్క త్రాసున దూచుట యెంత కష్టమో చూడుడు.

1974 ఫిబ్రవరి 18వ తేదీన ఆ రూపాయల పెట్టె కథ ముగియుటకు వచ్చెను. అప్పటి అమెరికా రాయబారి మొయినిహన్ మన ప్రభుత్వమునకు ఒక చెక్కు వ్రాసి యిచ్చెను. దానిపై వ్రాసిన మొత్తము 1,664 కోట్ల రూపాయలు. ప్రపంచమున అంతకు మునుపు అంత పెద్ద చెక్కు ఎవరును వ్రాసియుండలేదని ప్రసిద్ధి. అమెరికాకు మనము బాకీపడిన రూపాయలలో అధికభాగమును ఆ విధముగ మనకే విడిచిరి. మిగిలిన భాగము వారి కార్యాలయముల ఖర్చులకు, విద్యావిషయములకు నిలువ యుండెను. అప్పటికి మన పంజాబు గోధుమలు పండుచుండెను. క్రొత్త గోధుమ యోడలు లేవు, అనగా పెట్టెలోనికి వచ్చు రూపాయలును లేవు. నేను 1978లో పోవునప్పటికి కేంద్రము ఆ నిలువసొమ్ముమీదనే నడచుచుండెనన్నమాట. ఊట లేని బావినుండి తోడుచున్నామని మేమప్పుడు తలంపలేదు.

ఆ బావి మఱి యిరువదియేండ్లు తోడబడెను. సోవియటు రాజ్యము 1991లో అంతరించిన పిమ్మట తమ దేశమును గురించి పరులకు జెప్పుకొనవలయునను తహతహ వాషింగ్టనులో తగ్గెను. అట్టి పనులు చూచుచుండిన వారి సమాచారశాఖను 1999 అక్టోబరులో రద్దుచేసి విదేశాంగశాఖలో కలిపివేసిరి. సొమ్ము సన్నగిల్లెను. కేంద్రము తన పేరును ఇండో అమెరికన్ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ స్టడీస్ అని మార్చుకొని, ఇతర దేశముల యధ్యయనముగూడ చేసెదమని ప్రయత్నించెను. అదియు నిలువలేదు. 2000 తరువాతి దశకమున ఉస్మానియా విశ్వవిద్యాలయమే ఆ భవనమును గ్రంథములను చేపట్టి, తన అంతర్జాతీయ కార్యక్రమముల కేంద్రముగా మార్చెను. పుస్తకములను వీథిపాలు చేయనందుకు విశ్వవిద్యాలయమును మెచ్చవలెను. కాని క్రొత్తగా వచ్చు అమెరికా గ్రంథములు, క్రొత్త శాసనముల ప్రతులు, వానిని చదువుటకు మండలములనుండి వేతనముపై వచ్చు అధ్యాపకులు అను మునుపటి ధార నిలిచిపోయెను.

చిత్రమేమనగా, ఆ ధార యెండిన కాలమే రెండు దేశముల స్నేహము చిక్కబడిన కాలము. మన రెండు దేశములు ఎన్నడును సైనికసంధి చేసికొన్నవి కావు. అయినను 2008 అక్టోబరులో అణుశక్తి యొప్పందము కుదిరెను. 2016లో మన దేశమును ముఖ్యమైన రక్షణభాగస్వామియని అమెరికా పేర్కొనెను. హైదరాబాదులో 2008లోనే అమెరికా కాన్సలు కార్యాలయము పైగా ప్యాలెసున తెఱవబడి, తరువాత వీసాలిచ్చుట మొదలిడెను. 2023లో నానక్రామ్‌గూడలోని తన సొంతభవనమునకు మాఱెను. అమెరికాకు బోదలచిన తెలుగు బాలబాలికల వరుసలు ఆ వాకిట నిలిచినవి. మన మండలములో అమెరికాలో బంధువు లేని వీథి యున్నదా? అదే నగరమున, అమెరికా రాజ్యతంత్ర మెట్లు నడచునో చెప్పు గ్రంథములు మాత్రము 1990 దశకముతో నాగిపోయిన గడియారమువలె అఱలలో నున్నవి. మనము అచ్చట కాపురముండుటకు మొదలిడిన దినముననే అచ్చటి సంగతి చదువుట మానితిమి. పిల్ల నిచ్చిన తరువాత వియ్యంకునిగూర్చి విచారించుట మాని, పెట్టుపోతలతో సరిపుచ్చినట్లున్నది.

అమెరికావారు రెండవ వైపున నేమి చేసిరో గూడ వినుడు. ఉచితపు రూపాయలు ముగిసిన తరువాత తెలుగు పుస్తకములు కొనుట వారు మానలేదు. ఆయా విశ్వవిద్యాలయముల గ్రంథాలయములు తలయొక పాలు వేసికొని, తమ సొంత డాలర్లు చెల్లించి, కాంగ్రెసు గ్రంథాలయపు ఢిల్లీ కార్యాలయము ద్వారానే కొనసాగించినవి. ఒకే గోధుమరాశినుండి రెండు కాలువలు త్రవ్వబడినవి. తల్లికాలువ యెండగా వారు తమ మోటలు కట్టి తోడుకొనిరి. మనమట్లు చేయలేదు. సొమ్ము లేదను మాట నేను పూర్తిగా నమ్మను. ఒక్క యేడు మన రొయ్యల యెగుమతిపై వచ్చు లాభములో నూటికొక వంతు చాలును, అట్టి కేంద్రమును ఎన్నో యేండ్లు నడుపుటకు. విశ్వవిద్యాలయపు గ్రాంటుల సంఘము పరదేశాధ్యయనములకై కొన్ని కేంద్రములకు సాయపడుచు వచ్చినది. తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశములకును, ఉస్మానియాలోనే 1983నుండి హిందూమహాసముద్ర దేశములకును అట్టివి వెలసినవి. అవి యవసరమైనవే. కాని మన బిడ్డలు పోవు దేశము, మన రొయ్యలు పోవు దేశము వేఱొకటి గదా.

ఇట్టి చదువువలన సుంకము తగ్గునా యని మీరడుగవచ్చును. తగ్గదు. చెఱువు గట్టున నేను చెప్పిన దంతయు విని ఆ పెద్దమనుష్యుడు కూడ ఇదే యడిగెను. అయితే ఏ అధికారము ఏ చట్టమునుండి వచ్చినదో తెలిసినవానికి, ఆ సుంకము శిలాశాసనమా, నీటిమీది వ్రాతయా యని యంచనా కట్టుట సాధ్యము. దానినిబట్టి మఱల సీడు వేయుటయా, ఒక పంట విరామమిచ్చుటయా, పెద్ద కౌంటుకు పెంచుటయా, చెఱువును తిరిగి చేపకు మార్చుటయా యని నిశ్చయించుకొనవచ్చును. ఆ యేడు మన ప్రాంతపు రైతులు పలువురు ఆ నిశ్చయమును వాట్సాపు వదంతులనుబట్టి చేసికొనవలసి వచ్చెను.

ఇంటికి పోయి పెట్టె తెఱచి ఆ యెఱ్ఱయట్ట పుస్తకమును దీసితిని. సిరా వెలిసినది, అంచులు పురుగు తిన్నవి. 1934 చట్టపు భాగమును తెలుగున తిరుగ వ్రాసి, పదునాలుగు పుటలు, వారికి పంపితిని. మూడవనాడు వారి పాలికాపు తెచ్చి తిరిగి యిచ్చెను. నాలుగు చోట్ల పెన్సిలుతో గీతలున్నవి. తొమ్మిదవ పుట ప్రక్కన వారి చేతివ్రాతతో నొక ప్రశ్న యున్నది: “ఈ యధికారమునకు ఆ సభవారు మూడేండ్ల గడువు పెట్టిరని వ్రాసితిరి. గడువు తీఱినప్పుడు మఱల ఎవరైనను అడ్డు చెప్పిరా? చెప్పినవారు ఏ పంట పండించు రాష్ట్రములవారు?”

దీనికి ప్రత్యుత్తరము నాయొద్ద లేదు. రాబోవు నెలలో హైదరాబాదునకు పోయి, ఆ పాత అఱలలో వెదకవలసియున్నది.